ఓబులేసుకు బాగైందని కబురు

మా కొడుకు ఓబులేసు నవ్విన రోజు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అంతకు ముందు రెండేళ్ళుగా వాడు నవ్వి ఎరుగడు. వాడికి క్షయ.

వాడు ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనిలో మేస్త్రీగా పనిచేసేవాడు. మొదట దగ్గు వచ్చింది. దుమ్ము అన్నారు. తరవాత సాయంత్రం పూట జ్వరం తగిలింది. ఎండ అన్నారు. ఆ తరవాత దగ్గులో నెత్తురు పడింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం మొదటి దగ్గు నాడే క్షయ అనుకున్నాను. అయితే చిన్నప్పుడు వాడికి పడిశం పట్టిన ప్రతిసారీ క్షయ అనే అనుకున్నాను కాబట్టి ఇంట్లో నా మాటకు విలువ లేకపోయింది.

సూదులు వేయించాము. మందు పొడి నీళ్ళలో కలిపి తాగించాము. జ్వరం తగ్గింది, నెత్తురు ఆగింది, అలుపు మాత్రం పోలేదు. మంచం దిగి చెంబు అందుకుంటే చాలు, మళ్ళీ పడుకోవాలి. అలుపు వెంట దిగులు వచ్చింది. ఎప్పుడు చూసినా గోడవైపు తిరిగి పడుకునేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. మందు నోట్లో పోస్తే పక్కకు ఉమ్మేవాడు. రోజంతా గోడనే చూస్తున్నాడు కదా, చూసేదేదో శుభ్రంగా ఉంటుందని మా ఆయన పుల్లయ్య ఆ గోడకు సున్నం కొట్టించాడు. వాడు దాన్నీ అట్లాగే చూశాడు.

కడపలో మేము చూపించుకునే డాక్టరు పేరు బాలస్వామి. ఆయన సూదులు మానిపించి కొత్తగా వచ్చిన తెల్ల మాత్రలు ఇచ్చాడు.

"ఏడాదిన్నర మింగాలమ్మా. ఒక్కపూట తప్పకూడదు. బాగుందని మానేసినా, బాగలేదని మానేసినా జబ్బు తిరిగొస్తాది. తిరిగొచ్చిన జబ్బు ఈ మాత్రకు లొంగదు. దీనిమీద పెద్ద మందు నాకాడ లేదు."

"అలుపు తగ్గుతాదా సార్?"

"మెల్లగా తగ్గుతాది. కొందరికి మనసు గూడా తేలికవుతాది."

ఊపిరితిత్తుల మాత్రకు మనసుతో ఏం పని అనుకుని, ఆ చివరి మాట అక్కడే వదిలేసి వచ్చాను. మొదటి మాట మాత్రం వదలలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నేనే మాత్ర నోట్లో వేసి, నీళ్ళు తాగించి, నోరు తెరిపించి నాలుక కింద చూసేదాన్ని.

నెల తిరగకముందే ఒక పొద్దున కోడిని తరుముతూ జారి పేడకుప్పలో కూర్చున్నాను. వెనక నవ్వు వినిపించింది. చూస్తే ఓబులేసు గడపలో నిలబడి ఉన్నాడు.

"కోడే గెలిచిందిలేమ్మా," అన్నాడు. "లెయ్. ఆకలవుతాంది. అలసంద వడలు చెయ్యి."

నేను లేవలేకపోయాను. పక్కింటి జీవమ్మ వచ్చి లేపింది.

"ఏందిమే, మీ వాడు వడలు అడుగుతాండాడే."

"నవ్వినాడు గూడా, జీవమ్మా."

జీవమ్మ చేతిలో గంప కింద పెట్టింది. "మా మామ గూడా అంతే. ఆర్నెల్లు మంచంలో ఉండె. ఒగ దినం లేసి సియ్యల కూర కావాలన్యాడు. తిన్యాడు. మీసం దువ్వుకున్యాడు. పొద్దు మునిగేతలికి..."

"చాల్లే, ఊరుకో."

"నేను ఊరుకుంటా. దీపం ఆరిపోయే ముందర ఎగిసి మండుతాదని పెద్దోళ్ళు చెప్పిందే గాని నేను చెప్పింది గాదు."

మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. ఏళ్ళ తరబడి మంచం పట్టిన మనిషి ఉన్నట్టుండి లేచి తిరిగి, ఇష్టమైనవి అడిగి, నవ్వితే అయినవాళ్ళకు కబురు పెట్టాలి. వాళ్ళు ఆ మనిషి ఇష్టపడేది ఏదో చేసుకుని వచ్చి, పెట్టి, చూసిపోతారు. అట్లా చూసుకోకపోతే పోయినవాడికీ కొరతే, ఉన్నవాళ్ళకూ కొరతే.

మా ఆయనతో చెప్పాను.

"వాడు బాగైతాండాడేమోనే," అన్నాడు ఆయన.

"బాగైతే నాకు తెలియదా?"

ఆయన తలగుడ్డ చుట్టుకుని, "నీకు తెలియదు," అని చెప్పి చేనికి పోయాడు.

నేను వడలు చేసి, వాడు తింటుంటే చూసి, పోస్టు కార్డులు తెచ్చుకుని కూర్చున్నాను. కోసిగిలో ఉన్న మా తమ్ముడు కంబన్నకూ, జమ్మలమడుగులో ఉన్న మా ఆడబిడ్డ రామలక్ష్మమ్మకూ ఒకే మాదిరిగా రాశాను. "ఓబులేసు మంచం దిగి తిరుగుచున్నాడు. ఆకలి యగుచున్నదని అడిగి తినుచున్నాడు. నేడు నవ్వినాడు కూడా. మీరు వెంటనే బయలుదేరి రావలెను." ఇంతకు మించి రాయలేదు. కార్డు చదివించుకున్న మా ఆడబిడ్డ అక్కడే కూలబడి ఏడ్చిందట.

కంబన్న రైలుకు వస్తున్నాడని తెలిసి, ఓబులేసు తానే బండి కట్టుకుని స్టేషనుకు పోయాడు. వద్దంటే వినలేదు. దోవలో ఎద్దులు బెదురుతాయని, ఇరుసు విరుగుతుందని, రైలు పట్టాల మీద బండి ఆగిపోతుందని నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. ముగ్గురూ, అంటే వాడూ ఎద్దులూ, క్షేమంగా వచ్చారు. వెనక కూర్చున్న మా తమ్ముడు మాత్రం తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉన్నాడు.

ఓబులేసు ఎద్దుల్ని కొట్టానికి తోలుకుపోయేదాకా ఆగి, కంబన్న నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"అక్కా, శానా ముదిరిపోయినట్టుండాది. స్టేషన్లో నా మూట గూడా వాడే ఎత్తుకున్యాడు."

కంబన్న మంత్రాలయం పోయి మఠంలో ఇచ్చే మట్టి, స్వామి మృత్తిక, తెచ్చాడు. ఒక నాటుకోడి కూడా తెచ్చాడు. మృత్తిక ఓబులేసు నుదుట పెట్టాడు, కోడిని నాకిచ్చాడు. బండి తోలినందుకు వాడు ఆ సాయంత్రం దాకా కట్టెలాగా పడి నిద్రపోయాడు. నేను రెండుమూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మరునాడు రామలక్ష్మమ్మ వదిన పూర్ణం పెట్టి ఓలిగలు చేసుకుని, తన చెంబు తాను తెచ్చుకుని దిగింది. మేనల్లుడంటే ఆమెకు ప్రాణం. అందుకని గాలి ఎటునుంచి ఎటు వీస్తోందో చూసుకుని, వాడి దగ్గు తగలని వైపు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది.

"నాయనా, మనసులో ఏమన్నా ఉంటే చెప్పు. అత్త దగ్గర దాచొద్దు."

"ఉండాది అత్తా."

అందరమూ ముందుకు వంగాము.

"ఓలిగల్లో బెల్లం తక్కువైంది," అన్నాడు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "ఎంత తెలివిగా మాట్లాడతాండాడో సూడు. ఇంక ఎంతోసేపు ఉండడు," అంది.

ఆ రోజు ఏమీ కాలేదు. ఆ మరునాడూ కాలేదు. వాడు చుట్టాలకు నీళ్ళు తోడాడు, గడ్డి వేశాడు, మధ్యాహ్నం అలిసి పడుకున్నాడు, లేచి మామతో పులిజూదం ఆడి గెలిచాడు. చూసిపోవడానికి వచ్చినవాళ్ళకు చూడటం అయిపోయింది, పోవడం ఎట్లాగో తెలియలేదు. పోయినాక ఏమైనా జరిగితే మళ్ళీ రావాలి. ఉంటే పనులు చెడతాయి. అది చెనిక్కాయలు, అంటే వేరుసెనగ, పీకే కాలం.

"అక్కా, తప్పనుకోవద్దు," అన్నాడు కంబన్న నాలుగోనాడు, నేను కొట్టం ముందర బియ్యం చెరుగుతుంటే. "నువ్వు ఎప్పుడనుకుంటాండావు?"

"నాకేం తెలుసప్పా."

"కాదు, అంతా ఒక్కసారే అయితే బాగుండునని. మావైపు కూలోళ్ళు వలస పోతాండారు. ఈ వారం దాటితే చెనిక్కాయ పీకేవాడు దొరకడు. నేనిప్పుడు పోయి, వాడు పోయినాక మళ్ళా రావాలంటే..."

ఓబులేసు కొట్టంలోంచి గడ్డిమోపుతో బయటికి వచ్చాడు. లోపలే ఉన్నాడని మేము చూసుకోలేదు.

"ఎవరు పోయినాక, మామా?"

కంబన్న చెంబెత్తి నీళ్ళు తాగాడు. చెంబులో నీళ్ళు అయిపోయినా దించలేదు.

"ఎవరూ లేదప్పా, అల్లుడూ. ఊరకే మాట."

ఓబులేసు నావైపు చూశాడు. వంటింటి గడపలో కళ్ళు తుడుచుకుంటున్న వాళ్ళ అత్తను చూశాడు. మూలన ఓలిగల గంప, గుంజకు కట్టిన కోడి, తన నుదుటి మృత్తిక, అన్నీ కలిపి చూసుకున్నట్టున్నాడు. గడ్డిమోపు అక్కడే దించి, ఇంట్లోకి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం మాత్ర తీసుకుపోతే నోరు తెరవలేదు.

"పోయేవానికి మాత్రలెందుకుమ్మా. మామకు చెనిక్కాయ పని ఉండాది."

మరునాడు పొద్దున కూడా తెరవలేదు. నా అరచేతిలో చెమటకు మాత్ర కరగడం మొదలుపెట్టింది. ఇంట్లో మాత్రం అందరి ముఖాలూ తేటపడ్డాయి.

"తినలేదంటనే?" అంది వదిన.

"లేదు."

"మాట్లాడతాండాడా?"

"లేదు."

"గోడవైపేనా?"

"గోడవైపే."

"ఆ దేవుడు చల్లగా చూసినాడు," అంది ఆమె. "ఎప్పుడూ ఉన్నట్టే అయినాడు. ఇంక భయం లేదు." చెంబు సర్దుకుని పొద్దుటి బస్సుకే పోయింది. కంబన్న కూడా, గండం గడిచిందని చెప్పి, కోడిని మాకే వదిలేసి రైలెక్కాడు.

నాకు అప్పుడు పుట్టింది అసలైన భయం. ఒక్కపూట తప్పకూడదన్న మాత్ర రెండు పూటలు తప్పింది. మా ఆయనను వాడి మంచం దగ్గర కూర్చోబెట్టి, నేను కడపకు పోయి డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నవ్వితే చుట్టాలకు కబురు పెట్టినావా?" అన్నాడాయన.

"పెట్టినాను సార్."

"రెండేండ్లు గోడకు తిరిగి పండుకున్నప్పుడు?"

"అప్పుడు పెట్టలేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఆ నవ్వు మాత్ర నవ్వించింది. చావుకూ దానికీ ఏమీ లేదు. మనసు ముందర లేసింది, ఒళ్ళింకా లెయ్యలేదు. అది తెలియక బండి తోలినాడు, నీళ్ళు మోసినాడు. అర్ధపూట పని చేస్తే అర్ధపూట పండుకోవాల. దిగులు మళ్ళా వస్తాది, మళ్ళా పోతాది. వచ్చిన దినం గూడా మాత్ర మింగాల్సిందే."

"మింగనంటాండాడు సార్."

"అది నువ్వు చూసుకోవాల. నేను మాత్ర ఇయ్యగలను గాని, ఊరికొచ్చి మింగించలేను."

బస్సులో వస్తూ ఏం చెప్పి మింగించాలా అని ఆలోచించాను. ధైర్యం చెప్పాలి. నాకు ధైర్యం చెప్పడం రాదు. ఎన్నడూ చెప్పినదాన్ని కాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. మా ఆయన కుర్చీలో కునుకుతున్నాడు. వాడు అట్లాగే ఉన్నాడు. మంచం అంచున కూర్చుని మాత్ర చేతిలో పట్టుకున్నాను.

"మ్మా," అన్నాడు గోడతో. "నేను సచ్చిపోతానా?"

"నాకైతే అట్లే అనిపిస్తాంది."

వాడు ఇటు తిరిగాడు. "అదేంది, కన్నతల్లివి అట్లంటావు?"

"అడిగితివి గదా. నువ్వు పుట్టినప్పుడు ఏడ్వలేదు, సచ్చిపోతావనుకున్న్యా. తర్వాత ఏడ్సినావు, ఏడ్సి ఏడ్సి సచ్చిపోతావనుకున్న్యా. ఈత నేర్సుకుంటే బాయిలో, సైకిలెక్కితే లారీ కింద, గనికి పోతే బండ కింద. పులి లేని ఊర్లో పులి గూడా ఎత్తుకపోతాదనుకున్న్యా. ఒగ దినం గూడా మానలేదు నాయనా."

"మరి జబ్బు వచ్చె గదా."

"వచ్చె. అదొక్కటి నిజమాయె."

నేను దాన్ని తీసిపారేయలేదు.

"వచ్చె గాని, ఎత్తుకపోలేదు గదా ఇంకా," అన్నాను. "సచ్చిపోతావని నాకు అనిపించింది మాత్రం ఇంతవరకు ఒక్కటీ కాలేదు. డాక్టరు ఆ నవ్వు మాత్రతో వచ్చిందన్యాడు. దిగులు వస్తాది, పోతాది అన్యాడు. అర్ధపూట పండుకోమన్యాడు. ఆయన చదువుకున్న్యాడు. నాకైతే అనిపించేది అనిపిస్తానే ఉండాది."

వాడు లేచి కూర్చున్నాడు.

"ఇప్పుడు గూడా అనిపిస్తాందా?"

"శానా గట్టిగా."

"అయితే ఇయ్యి," అని చెయ్యి చాపాడు.

మింగాడు. నీళ్ళు తాగాడు. నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. నవ్వలేదు. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను లేవకుండా అక్కడే కూర్చున్నాను, ఉమ్ముతాడేమోనని. ఉమ్మలేదు.

మరునాడు పొద్దున మాత్ర తీసుకుని పోతే, చెయ్యి చాపకముందే అడిగాడు. "ఎట్లుండాదిమ్మా? అనిపిస్తాందా?"

అనిపిస్తోందన్నాను. మింగాడు.

ఆ ఏడాదిన్నరా అట్లాగే గడిచింది. వాడు లేచి అర్ధపూట పనిచేసిన రోజులున్నాయి, లేవని రోజులున్నాయి, నవ్విన రోజులు కూడా ఉన్నాయి. పూటపూటకూ అడిగేవాడు, నేను చెప్పేదాన్ని, మింగేవాడు. ఒక్కో పూట నాకు ఏ భయమూ ఉండేది కాదు. ఆ పూట కూడా, అనిపిస్తోందనే చెప్పాను.