మోంటె ఆల్వోలో మా ఆయన పోగొట్టిన ఓట్లు

మా ఆయన మేజర్ లియాండ్రోకి యుద్ధంలో తూటా తగిలి ఎడమకాలు కుంటు. పాత రాయి కనబడితే మాత్రం ఆ కుంటు ఎటు పోతుందో నాకు తెలియదు. రోమన్ల కాలపు రాతలంటే అంత పిచ్చి. సైన్యంలో రోడ్డు వెయ్యమని పంపితే రోడ్డు పక్కన తవ్వుకుంటూ కూర్చున్న మనిషి. అటువంటివాణ్ణి లిస్బన్ పార్టీ పెద్దలు పోర్చుగల్ పార్లమెంటుకి నిలబెట్టారు.

గెలుపు కష్టమేమీ కాదు. మోంటె ఆల్వో అనే ఊళ్లో గుడి ఫాదర్ సిప్రియానో ఎవరికి చెబితే వాళ్లకే ఓట్లు. ఆయన మాకు మాటిచ్చాడు. పండగనాడు వెళ్లి, గుడిలో పునీత మార్సెలా సమాధిరాయిని ముద్దుపెట్టుకుని, భోంచేసి రావడమే మా పని. నోరు అదుపులో పెట్టుకోమని బండిలో దారిపొడుగునా చెప్పాను. తలూపారు.

వరసలో ఆయన వంతు వచ్చింది. మోకరిల్లారు. ముద్దుపెట్టుకోవడానికి బదులు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. అరిగిపోయిన అక్షరాల మీద వేలు పెట్టి గొణుక్కుంటున్నారు. వెనక జనం విసుక్కుంటున్నారు.

బయటికి రాగానే ఫాదర్‌ని పక్కకి లాగి, అది పునీతురాలిది కాదనీ, ఎవరో రోమన్ తన ఆడ కంచరగాడిద చచ్చిపోతే దిగులుపడి వేయించిన రాయనీ చెప్పారు. మార్సెలా అన్నది గాడిద పేరేనట.

ఫాదర్ ముఖం మాడిపోయింది. "మేజర్ గారూ, నాతో అన్నారు, సరే. ఓట్లు పడేదాకా ఇంకెవరితోనూ అనకండి."

"అబద్ధమాడమంటారా?"

"ఊరుకోమంటున్నాను."

భోజనాల దగ్గర, కొత్తిమీర వేసిన రొట్టె పులుసు వడ్డిస్తూ పెర్పెతువా అనే ముసలమ్మ మా ఆయన్ని ఆప్యాయంగా అడిగింది. "చదువుకున్నోడివి కదా నాయనా, మా తల్లి గురించి ఆ రాతల్లో ఏం రాశారు?"

బల్లకింద ఆయన కాలు తొక్కాను, బాగున్న కాలే. లాభం లేకపోయింది. ముందు లాటిన్‌లో చదివి, తరవాత అర్థం విడమరిచి మరీ చెప్పారు. బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి.

ముసలమ్మ గరిటె కింద పెట్టింది. "గాడిదో, దేవతో, చూపు పోతుంటే నా కళ్లు నిలబెట్టింది. నువ్వు మాకేం చేశావు?"

తరవాత ఎన్నికల్లో ఆ ఊళ్లో ఒక్క ఓటూ రాలేదు.

ఆ రోజు తిరుగుదారిలో నేను ఉడికిపోతూ కూర్చున్నాను. ఆయనేమో ఆ అక్షరాల చెక్కడం ఎంత ముచ్చటగా ఉందో వర్ణిస్తున్నారు.

"ఇంకొక్క మాట మాట్లాడారంటే నేను దిగి నడిచి వస్తాను" అన్నాను. ఆ పూటకి ఊరుకున్నారు.

మరుసటి ఏడు పార్టీవాళ్లు ఆయన్ని ఆఫ్రికా వైపు మన దేశం ఏలుతున్న ఏదో దీవి తరఫున నిలబెట్టారు. దీవిని ఆయన చూడలేదు, ఆయన్ని దీవివాళ్లు చూడలేదు. గెలిచారు. చూడకపోబట్టే గెలిచారని నేనంటాను. ఆయనకి కోపం కూడా రాదు.