గేటు పాసు ఫోటో

ఆదివారం ఉదయం ఆరున్నరకు, భీమిలి బీచ్ పక్కన సరుగుడు తోటలో, తాడు మీద ఆరేసిన జెర్సీలన్నీ లాగి దీనా తన బ్యాగులో కుక్కింది. మొత్తం పద్దెనిమిది. జిప్పు పడలేదు. మోకాలితో అదిమిపట్టి వేసింది.

ప్రతి జెర్సీ వీపు మీదా ఆమె అన్న సుందర్ రాజ్ మొహం ఉంది. దాని కింద ‘రైడ్ ఫర్ సుందర్’ అని అచ్చువేశారు.

అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే కంపెనీ. పోర్టులో సరుకు దించే ప్రైవేటు కంపెనీ అది. దీనా బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. సుందర్ రాజ్ ఓడలు ఆగే బెర్తు మీద కూలీల ముఠాలో పనిచేసేవాడు. కిందటి వానాకాలంలో క్రేన్ ఇనుప తాడు తెగి అతని కుడికాలి మీద పడింది. ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు. ఆ మరుసటి వారం కంపెనీ అతని గేటు పాసు రద్దు చేసింది. పాసు లేనివాణ్ణి పోర్టులోకి రానివ్వరు. అతను కర్రలు పట్టుకుని వచ్చి, మేనేజరుని కలవాలని గేటు బయట నిలబడి, తిరిగి వెళ్లిపోయేవాడు. జెర్సీ మీద వేసింది ఆ పాసులోని ఫోటోనే. వేయొచ్చా అని ఇంట్లో ఎవరినీ అడగలేదు.

కాళ్లు పోయిన కార్మికులకు కృత్రిమ కాళ్లు పెట్టిస్తామని కంపెనీ ఈ సైకిల్ యాత్ర పెట్టి విరాళాలు పోగుచేసింది. శుక్రవారం పోర్టు దగ్గర బయల్దేరారు. ఆ రాత్రి చింతపల్లి బీచ్‌లో, తిరుగు దారిలో శనివారం రాత్రి భీమిలిలో టెంట్లు వేశారు. ఆదివారం విశాఖ బీచ్ రోడ్డులో ముగింపు సభ. మేనేజరు శ్రీరామ్మూర్తి కారులో వెనక వచ్చాడు. ఊరు రాగానే దిగి సైకిలెక్కేవాడు, ఊరు దాటగానే మళ్లీ కారెక్కేవాడు.

దీనాను రమ్మన్నది ఆయనే. “కుటుంబం నుంచి ఒకరుంటే బాగుంటుందమ్మా. మీ అన్నయ్యకి కాటా దగ్గర ఉద్యోగం సభలోనే ప్రకటిద్దాం” అన్నాడు. కాటా దగ్గర లారీల బరువు చూడాలి. కూర్చుని చేసే పని. సుందర్ రాజ్ నెలల తరబడి అడుగుతున్నది ఆ కుర్చీనే.

శనివారం సాయంత్రం టీ దగ్గర శ్రీరామ్మూర్తి ఆమెను పక్కకి పిలిచాడు.

“రేపు మీ అన్నయ్య మైకులో రెండు ముక్కలు చెప్పాలి. కంపెనీ తల్లిలా చూసుకుందని ఒకటి. పొరపాటు తనదేనని, నిలబడకూడని చోట నిలబడ్డానని ఇంకోటి.”

“ఆ తాడు మార్చమని వాళ్ల ముఠా ముందే అడిగింది సార్.”

“అడిగారో లేదో ఇప్పుడెందుకమ్మా? కాటా ఉద్యోగం కావాలా, వద్దా?”

దీనా అన్నకి ఫోన్ చేసింది. అతను అంతా విన్నాడు.

“అంటాన్లే. మాటే కదా. మాట అంటే రెండో కాలు కూడా ఊడిపోద్దా?”

“సిగ్గు లేదా అన్నయ్యా నీకు?”

“ఉండీది. గేటు దగ్గర నిలబెట్టినారు కదా, అక్కడే పడిపోనాది. నువ్వు నోరు మూసుకుని సైకిల్ తొక్కు.”

ఆమె నోరు మూసుకుంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లారి టెంటులోంచి బయటికి వచ్చేసరికి అన్న ముఠాలోని సాయిశంకర్ సైకిల్ తిరగేసి చైను తుడుస్తున్నాడు.

“ఏటి సేత్తన్నావురా?”

“సైను నిండా ఇసకక్కా. కర్రుకర్రుమంటాంది.”

“దేంతో తుడుత్తన్నావ్?”

అతను చేతిలోది విప్పి చూశాడు. సుందర్ రాజ్ కళ్ల మీద నుంచి నోటి దాకా గ్రీజు.

“అయ్యబాబో! గాలికి కింద పడుంటే గుడ్డనుకున్నాను. నాను సూడలేదక్కా. ఒట్టు.”

బెర్తు మీద తాడు తెగిన రోజు తన చొక్కా విప్పి సుందర్ రాజ్ కాలికి కట్టింది ఈ సాయిశంకరే. అతన్ని అన్నా అని పిలుస్తాడు. క్రిస్మస్‌కి వాళ్లింట్లోనే తిన్నాడు. అబద్ధమాడటం లేదని దీనాకి తెలుసు. శుక్రవారం నుంచి ఆ మొహాన్ని ముందువాడి వీపు మీద చూస్తూనే తొక్కాడు. చూసి చూసి అది కళ్లకి ఆనడం మానేసింది.

ఆమె ఆ జెర్సీ లాక్కుంది. తర్వాత తాడు దగ్గరికి వెళ్లింది.

గోలకి టెంట్లలోంచి అందరూ వచ్చారు. “దీనా మేడమ్, ఒట్టి వీపులతో తొక్కమంటారేటి?” అని ఒకడు నవ్వాడు.

“తొక్కండి. గాలి తగుల్తాది.”

శ్రీరామ్మూర్తి పళ్లు తోముకుంటున్న బ్రష్షుతోనే వచ్చాడు. “ఏమిటీ పిచ్చి? బీచ్ రోడ్డులో ఛానళ్ల వాళ్లు ఎదురుచూస్తున్నారు. అవి కంపెనీ డబ్బుతో వేయించినవి.”

“బట్ట మీది సార్. మొహం మాది. మొహం కత్తిరించుకుని బట్ట ఇచ్చీనా?”

“మీ అన్నయ్య ఉద్యోగం నీ చేతిలో ఉంది. ఆలోచించుకో.”

“నా చేతిలోనే ఉంటే ఆస్పత్రి నుంచి వచ్చిన్నాడే ఇచ్చీద్దును.”

బ్యాగు వీపుకి తగిలించుకుని ఆమె రోడ్డెక్కింది. రుషికొండ ఎత్తు దగ్గర కూడా సైకిల్ దిగలేదు. సాయిశంకర్ వెనకే వచ్చాడు. దాటిపోలేదు.

బీచ్ రోడ్డులో వేదిక కింద ప్లాస్టిక్ కుర్చీలో సుందర్ రాజ్ కూర్చుని ఉన్నాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఎడమకాలికి కొత్త బూటు. సంగతి అతనికి ఫోన్‌లో అప్పటికే తెలిసింది.

“ఎవులడిగినారే నిన్ను?” అన్నాడు, ఆమె సైకిల్‌కి స్టాండు వేయకముందే. “నా మొహం నా ఇష్టం. అమ్ముకుంటాను. నువ్వెవత్తెవి మజ్జిన?”

“నీ సెల్లిని.”

“సెల్లివైతే నా పొట్టకొడతావేటి? ఆ కుర్చీ కోసం ఆ మనిషిని ఎన్నిసార్లు సార్ సార్ అన్నానో నీకేటి తెలుసు? తల దించుకున్నోణ్ణి నాను. నీకేటి నొప్పి?”

దీనా బ్యాగు తెరిచి గ్రీజు మరకల జెర్సీ అతని ఒళ్లో పడేసింది.

సుందర్ రాజ్ దాన్ని తొడ మీద పరిచాడు. బొటనవేలితో గ్రీజు రుద్దాడు. అది ఇంకా పాకింది.

“ఎవులు?”

సాయిశంకర్ సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. “నానే అన్నా. సైను తుడిసినాను. సూడలేదు.”

“నీకే అవుపడలేదా నా మొహం?” అన్నాడు సుందర్ రాజ్. తర్వాత ఆ జెర్సీని తెల్ల చొక్కా మీద తొడుక్కున్నాడు.

“కర్రలియ్యి” అన్నాడు చెల్లితో.

మిగతావాళ్లు తలో రంగు టీషర్టుతో వచ్చారు. శ్రీరామ్మూర్తి మాట్లాడాడు, చప్పట్లు కొట్టించాడు, సుందర్ రాజ్‌ని పైకి పిలిచి చెవిలో ఏదో చెప్పి మైకు ఇచ్చాడు.

“కంపెనీ నన్ను తల్లినాగ సూసిందని సెప్పమన్నారు” అన్నాడు సుందర్ రాజ్. “తప్పు నాదని సెప్పమన్నారు. తాడు మార్చమని మా ముఠా అంతా అడిగినాం. మార్చలేదు. తెగింది. నా కాలు పోయింది.”

మైకు శ్రీరామ్మూర్తి చేతికిచ్చి వెనక్కి తిరిగాడు. గ్రీజు పూసిన మొహం జనం వైపు వచ్చింది. ఛానళ్ల వాళ్లు దాన్ని కెమెరాలకెక్కించారు. మెట్ల దగ్గర సాయిశంకర్ చెయ్యి అందించాడు. సుందర్ రాజ్ ఆ చేతిలో ఒక కర్ర పెట్టి, రెయిలింగు పట్టుకుని దిగాడు.

కాటా ఉద్యోగం ఊసు సభలో ఎవరూ ఎత్తలేదు.

సోమవారం ఉదయం పోర్టు గేటు దగ్గర దీనా తన పాసుని మెషీన్ మీద పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. తుడిచి మళ్లీ పెట్టింది. ఎర్రదే వెలిగింది. ఆమె వెనక వరసలో సాయిశంకర్ ఉన్నాడు. అతను పెడితే పచ్చ లైటు వెలిగింది.

పది గంటలకి దీనా, సాయిశంకర్ ఇద్దరూ గేటు బయటే ఉన్నారు.