మా ఇంటి మహారాణి

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాల అంచులు అరగదీసే పని ఆ కోడలిది. మిషను ఆగగానే చేతులు తుడుచుకుని ఫోను అందుకుంటుంది. అందులో ఒక ముచ్చట్ల గ్రూపు ఉంది. పేరు, ఊరు, చుట్టరికం ఎవరూ బయటపెట్టకూడదన్నది అక్కడి కట్టుబాటు. అక్కడ ఆమె పేరు కందిరీగ. తనే పెట్టుకుంది, బాగానే అతికింది.

ఆ గ్రూపులో ఆమె ప్రాణస్నేహితురాలు గువ్వ. ముఖం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. అయినా మొగుడితో చెప్పుకోని మాటలు కూడా గువ్వతో చెప్పుకునేది. "మా ఇంటి దొరసాని ఇవాళా మూతి ముడుచుకుంది" అని అత్తగారి గురించి రాస్తే, "నీలాంటి బంగారుతల్లిని ఏడిపిస్తే ఉసురు తగలదూ?" అని గువ్వ శాపనార్థాలు పెట్టేది. చదివి కందిరీగ కడుపు నిండిపోయేది.

గువ్వ బాధ కూడా అలాంటిదే. "మా ఇంటి మహారాణి వచ్చింది. చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచి, గదిలోకి పోయి తలుపేసుకుంది. తిన్నావా అని ఒక్క మాట లేదు." మహారాణి అంటే అత్తగారే అనుకుంది కందిరీగ. మరింకెవరవుతారు? 'నేను' అనే మాటకు వయసుండదు. రాసేది తనలాంటి కోడలేనని ఆమె ఖాయం చేసేసుకుంది.

నిన్న మధ్యాహ్నం గువ్వ "ఇక నావల్ల కాదు" అని రాసింది. కందిరీగకు ఒళ్ళు మండిపోయింది. "పెట్టె సర్దుకుని బయటికి నడు. నువ్వు లేకపోతే ఆ కొంప ఎలా నడుస్తుందో అప్పుడు తెలిసొస్తుంది. వెనక్కి తిరిగి చూశావంటే నా మీద ఒట్టే" అని టకటకా కొట్టి పంపేసింది. పరాయి కొంప కూల్చడానికి ఖర్చేముంది, రెండు వేళ్ళు చాలు. ఆ తర్వాత హాయిగా పనిలో పడింది.

ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొగుడింకా డ్యూటీ నుంచి రాలేదు. హాల్లో అత్తగారు పెట్టె పక్కన పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికత్తయ్యా?"

"ఎక్కడికో ఒకచోటికి. నేను లేకపోతే ఈ కొంప ఎలా నడుస్తుందో నీకూ తెలిసిరావాలిగా."

కోడలికి ఆ మాట ఎక్కడో విన్నట్టే తోచింది. ఎక్కడా అనుకునేలోగా అత్తగారు వంగి, గుమ్మానికి అడ్డంగా పడున్న కోడలి చెప్పులను పక్కకు జరిపింది.

"వెనక్కి తిరిగి చూడకూడదని ఒట్టు కూడా ఉంది నా మీద. ఈ లోకంలో నన్ను మనిషిలా చూసింది అదొక్కతే. దాని మాట కాదనలేను" అంటూ మెట్లు దిగిపోయింది. నిజంగానే తిరిగి చూడలేదు.

కోడలు వెనక్కి పిలవబోయింది. కానీ తిరిగి చూడొద్దని తన మీద ఒట్టు పెట్టింది తనే. ఇన్నాళ్ళూ తిట్టిందీ, ఓదార్చిందీ అత్తగారినేనా? కలిసి ఏడ్చిందీ ఆవిడతోనేనా?

చేతిలో ఫోను టింగుమంది. గువ్వ మెసేజి.

"బయటికొచ్చేశానే. బస్టాపులో కూర్చున్నా. ఎటెళ్ళాలో తోచట్లేదు. నాలుగు రోజులు మీ ఇంట్లో ఉండనిస్తావా? అడ్రసు పెట్టు."

కుదరదని రాస్తే ఆ ఒక్క దిక్కూ పోతుంది. ఏదో అబద్ధం రాస్తే ఆ ముసలి ప్రాణం పెట్టె మోసుకుని ఎక్కడెక్కడ తిరుగుతుందో. నిజం రాస్తే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం ఆమెకు లేదు. వీధి పేరు, ఇంటి నంబరు, రెండో అంతస్తు, ఎడమవైపు తలుపు అని రాసి పంపింది.

అవతల చదివినట్టు ఫోనులో గుర్తు కనిపించింది. జవాబు రాలేదు. ఇంకాసేపు చూసి, చెప్పుల్లేకుండానే బస్టాపుకు పరుగెత్తింది.

అత్తగారు బెంచీ మీదే ఉంది. ఫోను ఒళ్ళో వెలుగుతోంది. కోడలు రొప్పుతూ ఎదుట నిలబడి, "అత్తయ్యా, నేనే..." అంది.

అత్తగారు ఫోనులోని అడ్రసు వైపు చూసింది, కోడలి ముఖంలోకి చూసింది. పెట్టెను తన కాళ్ళ దగ్గరికి లాక్కుంది.

"మీరెవరండీ?" అంది.