ముందువరస రాకముందే లేచిన తెర

మా నాటకశాలలో తెరతాడు మా తాత లాగాడు, నాన్న లాగాడు, ఇప్పుడు నేను లాగుతున్నాను. ముందువరస పెద్దమనుషులు కూర్చున్నాకే తెర లేవాలన్నది ఇక్కడి ఆచారం. వాళ్లెప్పుడూ గంట ఆలస్యం. వెనక బల్లల మీది మిల్లు కూలీలు మాత్రం నాలుగింటి షిఫ్టుకి సైరన్ మోగగానే పరుగెత్తాలి. అందుకే మూడు తరాలుగా వాళ్లు ఏ నాటకంలోనూ ఆఖరి రంగం చూడలేదు. దీన్ని కళాసేవ అంటారు, సిగ్గులేకుండా!

నిన్న ముందువరస ఖాళీగా ఉండగానే ప్రకటించిన వేళకే, సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకి తెర లేపేశాను.

రెండింటికి మా బావ, ఈ హాలు కార్యదర్శి, పక్కతెరలోంచి దూసుకొచ్చాడు.

"ఒళ్లు కొవ్వెక్కిందా? అధ్యక్షులవారు ఇప్పుడే కారు దిగారు! తెర దించు, మొదట్నుంచి ఆడిస్తాం."

"దించను బావా. జరిగిన కథ కావాలంటే వెనక బల్లల వాళ్లని అడగమను."

"రేపట్నుంచి ఈ తాడు ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తా. మీ అక్క మొహం కూడా చూడను."

"రేపు కదా," అన్నాను.

తాడు ముంజేతికి చుట్టుకున్నాను. నా వేళ్లు విప్పదీయబోయి గోళ్లతో రక్కాడు. వదల్లేదు.

సైరన్‌కి ముందే ఆఖరి రంగం ముగిసింది. వెనక బల్లల మీద ఒక్కరూ కదల్లేదు. ఇంకా ఉందనుకుని కూర్చున్నారు. నాటకం ఎలా ముగుస్తుందో వాళ్లకేం తెలుసు? "అయిపోయింది, ఇదే ఆఖరు!" అని నేనే అరవాల్సొచ్చింది.