పన్నెండు బండ్లు, ఒకే చుక్క

ఫోన్ ఎత్తగానే అంబులెన్స్ కంట్రోల్ రూమ్ నుంచి తోడికోడలు అరిచింది.

"అక్కా, నా అంబులెన్సులన్నీ ఒకే చోట ఉన్నాయేంటి!"

"టీకి ఆగుంటార్లే."

"పన్నెండూ కలిసా? ఇప్పుడే మ్యాప్ తెరిచా, ఒకటే చుక్క. నవ్వులాట కాదక్కా!"

అక్క నవ్వు ఆగిపోయింది. బండికొకటి చొప్పున సర్వర్లో నడిచే వర్చువల్ మెషీన్లకు ఇమేజ్, అంటే వాటన్నింటినీ పోతపోసే అచ్చు, తయారు చేసేది తనే. బండి ఎక్కడుందో చెప్పేదీ, దానికి పిలుపు అందించేదీ ఆ మెషీనే. ఆ అచ్చు పోసే పాత టూల్‌ను మాన్పిస్తున్నారని, దాని టెంప్లేట్‌ను, అంటే చెయ్యాల్సిన పనుల పట్టీని, మూడు వారాలు కూర్చుని కొత్త టూల్‌కు మార్చింది. రెండు వందల పద్నాలుగు వరుసలు. ఒక్కోదాన్నీ వేలు పెట్టి సరిచూసింది. ఈ ఉదయం పది గంటలకు ఆ ఇమేజ్ నుంచి పన్నెండు మెషీన్లు పుట్టాయి. ఇప్పుడు టైము పదీ నలభై.

"డ్రైవర్లకు ఫోన్ చెయ్యి."

"సొంత ఫోన్లు లాకర్లో పెట్టి ఎక్కుతారు. ఇక్కడ లైన్లో ఒకావిడ ఏడుస్తోంది. వాళ్ళాయన పరంజా మీంచి పడ్డాడట, నెత్తురు ఆగట్లేదట. ఏ బండిని పంపను?"

పాత మెషీన్లను లేపుదామని చూసింది. ఒక్కటీ లేదు.

పక్క బల్ల దగ్గర మేనేజరు తలెత్తాడు. ఆఫీసంతా ఆయన్ని నిదానంగారు అంటుంది. "చోటు చాలట్లేదని పదింపావుకే తీసేయించానమ్మా."

ఆయన తొందరపడడం ఆమె చూసింది అదే మొదటిసారి.

మెషీన్ల జాబితా తెరిచింది. పన్నెండింటికీ ఒకటే నెట్‌వర్క్ చిరునామా. ప్రతి మెషీనుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇమేజ్ పూర్తయ్యాక పాత టూల్ ఆ సంఖ్యను చెరిపేసేది. మెషీన్ పుట్టగానే తనకంటూ కొత్తది రాసుకునేది. ఆ చెరిపే పని టెంప్లేట్‌లో ఎక్కడా లేదు, టూల్ తనంతట తనే చేసేది. కొత్త టూల్ చెప్పనిదే చెయ్యదు. ఆమె చెప్పలేదు. ఒకే గుర్తింపుతో పన్నెండు వచ్చి నిలబడితే నెట్‌వర్క్ అన్నింటినీ ఒక్కటే అనుకుని ఒకే చిరునామా ఇచ్చేసింది.

"ముందు కారణం రాసి, చిన్న మీటింగ్ పెట్టుకుని..." అన్నాడు నిదానంగారు.

"సార్, అక్కడ మనిషి పోతున్నాడు! సర్వర్ గదికి ఫోన్ కొట్టండి, వాళ్ళైతే ఒక్కో మెషీన్నీ నేరుగా పట్టుకోగలరు."

కొట్టాడు. అటు ఎవరూ ఎత్తలేదు.

ఇక మిగిలింది ఆ ఒక్క చిరునామాయే. దానికి పన్నెండింట్లో ఏది పలుకుతుందో పలికేదాకా తెలియదు. మొదట పలికింది మూడో బండిది. సంఖ్య చెరిపి, రీస్టార్ట్ కొట్టింది.

"విడిపోయిందక్కా! కానీ మూడు ఊరికి ఆ చివరుంది. ఇరవై అయిదు నిమిషాలు."

"అయినా పంపెయ్. దగ్గర్లో ఏది ఉండాలి?"

"ఎనిమిది."

మళ్ళీ పిలిచింది. పదకొండు. మళ్ళీ. అయిదు. ఒకటి. పన్నెండు. చెరపడం, రీస్టార్ట్ కొట్టడం, పిలవడం.

"ఆవిడ మాట్లాడట్లేదక్కా. ఊపిరొకటే వినిపిస్తోంది."

తొమ్మిదోసారికి పలికింది ఎనిమిది. రీస్టార్ట్‌కు నలభై సెకన్లు. నిదానంగారు కుర్చీలోంచి లేచి ఆమె వెనకాల నిలబడ్డాడు.

"వచ్చింది! రెండు వీధుల అవతలే ఉంది! పంపేశా!"

ఆరు నిమిషాలు ఇద్దరూ ఫోన్ పట్టుకునే ఉన్నారు. ఆమె మిగిలిన మూడింటినీ విడదీసింది.

"ఎక్కించారట. ప్రాణం ఉందట అక్కా."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఎనిమిదో బండి డ్రైవర్ జోకులేస్తున్నాడు" అంది తోడికోడలు. "పది నుంచి ఒక్క పిలుపూ రాలేదు, ఊళ్ళో జబ్బులన్నీ ఎటుపోయాయమ్మా అంటున్నాడు."

అక్క చెయ్యి కీబోర్డు మీదే ఆగింది.

"పది నుంచి నువ్వెన్ని పంపావు?"

అటు కీబోర్డు టకటకలాడింది.

"ఏమే, నిన్నే!"

"ఏడు." తోడికోడలు లెక్కపెట్టింది. "ఏడింటికీ తెర మీద 'బయల్దేరింది' అనే చూపించిందక్కా. మళ్ళీ ఫోన్ చేసినవాళ్ళకి కూడా, దార్లో ఉంది, భయపడకండి అనే చెప్పాను."

పిలుపులు బండ్లకు చేరకుండానే ఒక్క మెషీనే పన్నెండింటి తరఫునా సరేనంటూ వచ్చింది.

నిదానంగారు కాగితం, పెన్ను లాక్కున్నాడు.

"ఖాళీగా ఉన్న బండ్లన్నీ తియ్యి" అంది అక్క. "ఏడు అడ్రసులూ చదువు. మొదటిది ఎన్నింటికి?"

"పదీ మూడు. బిడ్డకు ఊపిరాడట్లేదని తల్లి ఫోన్ చేసింది."