కూర్చుంటేనే ఒడి

ల్యాప్‌టాప్ అంటే ఒడిలో పెట్టుకునే కంప్యూటర్ అని మా తమ్ముడికి నేనే చెప్పాను. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో పప్పులో గరిట. తమ్ముడు రాజగంగారాం ఏర్గట్లలో పసుపు పండిస్తాడు. ఆ యేడు పంట చేతికి బాగా వచ్చింది, శ్రావణంలో పుట్టింటికి పిలిచి నాకు ఒడిబియ్యం పోస్తానని ఫోన్ చేశాడు. "చీరె వద్దంటివి, బంగారం వద్దంటివి. మరి ఏం గావాలె అక్కా?" అన్నాడు. సిగ్గు విడిచి అడిగేశాను. వాడు "ఒళ్ళ పెట్టుకునేదే అంటున్నవు గద. అట్లయితె ఒడిబియ్యంలనే పెడ్త. పద్ధతి గూడ అయితది" అన్నాడు. నేను నవ్వాను. నిజంగానే పెడతాడని అనుకోలేదు.

నా చేత అంత పెద్ద వస్తువు అడిగించింది కోతులు. నేను బోధన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. పరీక్ష పేపరు చేత్తో రాసిస్తే స్కూలువాళ్ళు బజార్లో టైపు చేయించుకొస్తారు. అట్లా ఒకసారి 'కింది కవులలో ఒకరిని గురించి రాయండి' అన్న ప్రశ్న 'కింది కపులలో ఒకరిని గురించి రాయండి' అని అచ్చయి వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు బుద్ధిగా హనుమంతుడి గురించి రెండు పేజీలు రాసి, మార్కులెందుకు వేయలేదని దబాయించాడు. హెడ్మాస్టరు స్టాఫ్ రూములో అందరి ముందూ నాచేత ఆ ప్రశ్న పైకి చదివించాడు. "మనసంత ఇంటికాడ పెట్టి బడికొస్తె గిట్లనే ఉంటది మేడం" అన్నాడు. టైపు చేసింది నేను కాదు సార్ అని గొంతుదాకా వచ్చింది. బయటికి మాత్రం "తప్పైంది సార్" అని వచ్చింది. నా పేపరు నేనే టైపు చేసుకోవాలని ఆరోజే అనుకున్నాను. మధ్యాహ్నం డబ్బా గబగబా తినేసి స్కూలు కంప్యూటరు ముందు కూర్చుని, ఏ అక్షరం ఏ మీట కింద ఉందో నేర్చుకున్నాను. ఇక ఇంట్లో ఒకటి ఉంటే చాలు.

మా ఆయన రామ్‌దాస్ సొసైటీ ఆఫీసులో పనిచేస్తాడు. ఏ వస్తువైనా పోల్చి చూడకుండా కొనడు. మిక్సీ కొన్నప్పుడు బజారంతా తిరిగి ఒక్కో దుకాణంలో ఒక్కో మిక్సీ తిప్పించి చప్పుడు విన్నాడు. ఆ అలవాటు వస్తువుల దగ్గర ఆగితే నాకు పేచీ లేదు. నా చాయ్‌ని ఆఫీసు చాయ్‌తో పోలుస్తాడు, నన్ను మా మరదలితో, అదే మా తమ్ముడి భార్యతో పోలుస్తాడు. "నీకూ ఆమెకూ ఏం పోలిక? ఆమె పని జేస్తె గిన్నె చప్పుడు సుత ఇనరాదు" అంటాడు. ఈ మాట నేను మరదలికి ఎన్నడూ చెప్పలేదు. పాపం, ఆమెను ఎవరితో పోలుస్తున్నారో ఎవరికి తెలుసు.

కొనడానికి నిజామాబాద్ వెళ్ళాం, ఆయన, తమ్ముడు, నేను. దుకాణదారు రెండు ల్యాప్‌టాప్‌లు తెరిచి ఆయన ముందు పెట్టాడు. ఒకటి చిన్న తెరది, తేలిక. ఒకటి పెద్ద తెరది, ఎత్తితే చెయ్యి గుంజేంత బరువు. బ్యాటరీ దేనికెక్కువ వస్తుంది, మెమరీ దేనికెంత, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఆయన అడుగుతూనే ఉన్నాడు. నేను చిన్నదాని మీటల మీద వేళ్ళు ఆనించి చూడబోయాను. "ముట్టకుండ్రి మేడం" అన్నాడు దుకాణదారు. "ఆమెకేం దెలుస్తది. కొత్త వస్తువు కనవడితె చెయ్యి ఆగది" అని మా ఆయన నవ్వాడు. దుకాణదారు నవ్వాడు. నేను కూడా నవ్వాను, అదీ ఇద్దరికన్నా ఎక్కువసేపు. తమ్ముడొక్కడే నవ్వలేదు, నేల చూస్తూ నిలబడ్డాడు. ఇది ఎవరు వాడతారని ఎవరూ అడగలేదు. పెద్ద తెరది తీసుకున్నారు. దాంతోపాటు మెడలో వేసుకునే పాటల ప్లేయరు ఒకటి ఉచితంగా ఇచ్చారు, అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. మా ఆయన దాన్ని కూడా తిప్పి తిప్పి చూసి, "దీంట్ల మాటలు రికార్డు సుత అయితయట" అన్నాడు సంబరంగా. "మనకెందుకు బావా అది?" అన్నాడు తమ్ముడు. "ఉండనీ, ఎందుకన్న పనికొస్తది" అన్నాడు మా ఆయన.

ఒడిబియ్యం నాడు తమ్ముడు తన మాట నిలబెట్టుకున్నాడు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ కనబడాలని ల్యాప్‌టాప్ మూత తెరిచి మరీ ఒడిలో పెట్టాడు. దాని మీదే మరదలు పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో పోసింది, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టింది, రవిక బట్ట పెట్టింది. మా ఆయన మొహం చూడాలి అప్పుడు. అంతమంది ఆడవాళ్ళ మధ్యకు రాలేక గుమ్మంలో నిలబడి, "అరే, లోపటికి పోతయ్, లోపటికి పోతయ్" అంటూ చేతులు తిప్పుతున్నాడు. ఒక గింజ పోనే పోయింది, ఒక మీట సందులోకి. నేనది చూడలేదు. నా ఒడి నిండుగా ఉంది, బరువుగా ఉంది, నేను అడిగిందే అందులో ఉంది. ఇంకాసేపు అట్లాగే కూర్చోనిస్తే బాగుండుననిపించింది.

బోధన్ తిరిగి రాగానే ల్యాప్‌టాప్ మా ఆయన మేజా మీదికి పోయింది. పాటల ప్లేయరు నా చేతికి వచ్చింది. అన్యాయం చేస్తున్నానన్న ఊహ ఆయనకు ఏ కోశానా లేదు, ఓపిగ్గా వివరించాడు. "సూడు, రెండు పోల్చి చెప్త. పాటలు దాంట్ల వస్తయ్, దీంట్ల వస్తయ్. దానికి కూసోవాలె. దీన్ని మెడల ఏసుకొని బోళ్ళు తోముకోవచ్చు, బట్టలు పిండుకోవచ్చు. పని ఆగది. నీకేది మేలో నువ్వే చెప్పు." బడి పేపరు టైపు చేసుకోవాలని మెల్లగా అన్నాను. "అదెంత పని, నాకియ్యి, నేను కొట్టిస్త" అన్నాడు. మా అత్త ఈరవ్వ పక్కనే చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. "గంత పెద్దది ముంగటేసుకొని నువ్వెప్పుడు కూసుంటవ్ బిడ్డా?" అంది. వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగింది.

నా రోజంతా లెక్కేసుకున్నాను. లేచింది మొదలు పొయ్యి దగ్గర నిలబడతాను, నల్లా దగ్గర వంగుతాను, బస్సులో సీటు దొరికితే దొరుకుతుంది, బడిలో పాఠం నిలబడే చెప్పాలి. సాయంత్రం మళ్ళీ పొయ్యి. అన్నం కూడా అందరికీ వడ్డించి, ఎవరో ఒకరు మజ్జిగ అడుగుతారని సగం లేచే తింటాను. ఒడి అనేది చెయ్యిలాగా కాలులాగా ఎప్పుడూ ఉండేది కాదు. కూర్చుంటే వస్తుంది, లేస్తే పోతుంది. తమ్ముడి రెక్కల కష్టంతో ఒడిలో పెట్టుకునే వస్తువు కొనిపించాను గానీ నాకు ఒడి ఉందో లేదో చూసుకోలేదు. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. "నాకు గిదే మంచిగున్నది" అని ప్లేయరు మెడలో వేసుకున్నాను.

ఆయన ఆఫీసు ఉత్తరాల కోసం ల్యాప్‌టాప్‌లో తెలుగు అక్షరాలు వేయించుకున్నాడు. మీట ఒకటి సరిగ్గా నొక్కుకోవడం లేదని, "మీ తమ్ముని బియ్యం జేసిన పని" అని రోజూ ఒకసారి గుర్తు చేసేవాడు. నా తర్వాతి పరీక్ష పేపరు అడిగితే "ఇయ్యాల తీరలే" అన్నాడు, అది మళ్ళీ బజారుకే పోయింది. ఫోన్లో తమ్ముడు "నేర్చుకుంటున్నవా అక్కా?" అంటే "ఆఁ, మంచిగ నడుస్తున్నది" అని చెప్పాను. చెప్పి ఫోను పెట్టేశాక మొహం కడుక్కున్నాను. నేను మాత్రం ఏం చేయను, పాటలు వింటూ అంట్లు తోముతున్నాను. ఒక ఆదివారం తడి చేత్తో పాట మార్చబోయి ఏదో నొక్కాను, పాట ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయిందనుకుని అట్లాగే మెడలో ఉంచుకుని వంట ముగించాను.

ఆ వారంలోనే బడిలో బతుకమ్మ ఆట నేర్పించాలి. మా కంప్యూటర్ సారు బతుకమ్మ పాటలు నా ప్లేయర్లోకి ఎక్కించి, స్కూలు స్పీకరుకు తగిలించి ఇచ్చాడు. ఆడపిల్లలు గుండ్రంగా నిలబడి చేతులు ఎత్తి ఉన్నారు. నేను మీట నొక్కాను. స్పీకర్లోంచి గిన్నెల చప్పుడు వచ్చింది. తర్వాత ఒక ముసలామె, "ఏం జేస్తున్నవే?" అంది. "వస్తున్న, వస్తున్న" అని ఒక ఆడమనిషి. సన్నటి గొంతు, పరుగెత్తుకొచ్చి నిలబడినట్టుంది. "దీన్ని చాయ్ అంటరా? మా ఆఫీసు చాయ్‌కు దీనికి పోలికున్నదా?" అని ఒక మగమనిషి. "తప్పైంది, మల్ల పెడ్త." "ఆ గిన్నెల చప్పుడేంది? మీ మరదలిని సూసి నేర్చుకోరాదు?" "తప్పైంది." ఎవరో ఆడపిల్ల నాటకం అనుకుని చప్పట్లు కొట్టింది. నిజం చెబుతున్నాను, నేనూ గుర్తుపట్టలేదు. ఎవరీమె, ఇంత భయం దేనికి ఈమెకు అనుకున్నాను. ఇంతలో స్పీకర్లో మూత ఏదో కింద పడి గింగిరాలు తిరిగి ఆగింది. అక్కడ ఇంకెవరూ ఉన్నట్టు లేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె మెల్లగా, "తప్పైంది" అంది. అప్పుడు ముసలి గొంతు, "గంగామణీ" అని పిలిచింది.

గంగామణి నేనే. ప్లేయరు తీగ పట్టుకుని లాగేశాను. పిల్లలు ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, కోతులప్పుడు నవ్వారు కదా. చేతులు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉన్నారు, నా వైపు చూడకుండా ఒకరి గాజులు ఒకరు చూసుకుంటున్నారు. వీళ్ళకు నేను సంధులూ సమాసాలూ నేర్పుతాను, గట్టిగా చదవండి, గొంతు విప్పండి అంటాను. ఆయన మాటలు విన్నందుకు కాదు నా సిగ్గు. అవి నాకు పాతవే. ఎవరూ లేని వంటింట్లో, కింద పడ్డ మూతకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. అది అందరూ విన్నారు. పిల్లలకు నీళ్ళు ఇచ్చే ఆయా సత్తవ్వ దగ్గరికి వచ్చి, "గిదే పాట మా ఇంట్ల గూడ మేడం. మాది జర గట్టిగొస్తది" అంది. ఏడవాలో నవ్వాలో తెలియక ఆమె చేతిలో గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను.

ఊరు చిన్నది. మా ఆయన ఆఫీసులో ఒకరి కూతురు ఆ తరగతిలోనే ఉంది. సాయంత్రం చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు. "బడిల నా ఇజ్జత్ తీసినవట గద" అన్నాడు. "నేనేమన్న? రోజు అనేదే గద అన్న. గవి అందరికి ఇనిపిస్తరా?" రోజూ అనేదే అని ఆయనే అన్నాడు, అని ఆగిపోయాడు. నా మెడలో వేలాడుతున్న ప్లేయరు వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో సిగ్గు కనబడింది. పెళ్ళయినప్పట్నుంచి నేను చూసిన సిగ్గులన్నీ నావే కాబట్టి మొదట అదేమిటో పోల్చుకోలేకపోయాను. "అది చెరిపెయ్" అన్నాడు, గొంతు తగ్గించి. "నేనైతె అది ఇనలేను. నువ్వే చెరిపెయ్."

"ల్యాప్‌టాప్‌కు తగిలిస్తెనే పోతదట" అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆయన మేజా మీది నుంచి తెచ్చి నాకిచ్చి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. చేతులు కడుక్కుంటున్నాడో ఏమో, నల్లా చాలాసేపు పారింది.

పొయ్యి మీద బియ్యానికి ఎసరు పెట్టి ఉంది. దాన్ని దింపి, పొయ్యి ఆర్పాను. అర్రలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకున్నాను. శ్రావణంలో మోసిన బరువే, గుర్తుపట్టాను. నొక్కుకోని మీట ఏదో వెతికి, పిన్నీసు మొనతో సందులో కదిపితే గింజ బయటికి వచ్చింది. ఇంకా పచ్చగానే ఉంది. నోట్లో వేసుకుని నమిలాను, మా చేని పసుపు. ప్లేయరు తగిలించాను. ఆ ఆదివారం అందులో కనబడింది. చెరిపే మీట నొక్కితే చెరపాలా అని అడిగింది, వద్దన్నాను. ఆ మూతకు క్షమాపణ చెప్పుకున్నదాన్ని చెరిపేస్తే ఆమె తరఫున ఇంకెవరున్నారు? తర్వాత కొత్త కాగితం తెరిచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'కింది కవులలో ఒకరిని గురించి రాయండి' అని కొట్టాను. వు దగ్గర ఆగి రెండుసార్లు చూసుకున్నాను.

వంటింట్లో చప్పుడు లేకపోయేసరికి మా అత్తకు అనుమానం వచ్చినట్టుంది. అరుగు మీద నుంచి కేకేసింది.

"గంగామణీ, ఏం జేస్తున్నవే?"

వస్తున్న అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాళ్ళు కూడా దగ్గరికి ముడుచుకున్నాయి, లేవడానికి. మళ్ళీ చాపాను.

"కూసున్న అత్తమ్మా" అన్నాను.