రెండు గదుల్లో ఒకే పెన్న

ఊరిబిండి పచ్చడికి చెనిక్కాయలు వేయిస్తూ ఎస్తేరు పెన్న ఏటి రంగు గురించి ఆలోచిస్తోంది. నీలం కాదు. పెన్నలో నీళ్లుండే రోజులు తక్కువ, ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. సాయంత్రం బస్సు జమ్మలమడుగు బ్రిడ్జి దాటేటప్పుడు పాలలో బెల్లం కలిపినట్టు మెరుస్తుందే, ఆ ఇసుక రంగు కంప్యూటర్లో రావాలంటే ఎరుపెంత వెయ్యాలి, పసుపెంత కలపాలి? ఆ రంగులోనే నడుచుకుంటూ ఎంత దూరం పోయిందో గానీ, మాడు వాసనకు వెనక్కి వచ్చింది.

"ఈమెకు మనసు యాడుంటాదో," అంది అత్త అన్నమ్మ మంచం మీద నుంచి. "కంప్యూటరు ముందర కూచుంటే జీతమన్నా వస్తాది. పొయ్యి ముందర కలలు కంటే ఏమొస్తాది?"

"మాడినా పర్లేదు, బిర్నా తెమ్మను," అన్నాడు వరండాలోంచి మొగుడు ఇమ్మానుయేలు. "మా వాళ్లు కూచోనుండారు."

ఇమ్మానుయేలుకు పార్టీయే ఉద్యోగం. ఎన్నికలు దగ్గరపడే కొద్దీ వరండాలో మనుషులు పెరుగుతున్నారు. వాళ్లకు సంగటి, అత్తకు మాత్రలు, బాన నిండా నీళ్లు. అన్నీ అయ్యాకే ఆమె మిషన్ హైస్కూలుకు బస్సెక్కాలి. అక్కడ ఆమె కంప్యూటరు టీచరు. కాంట్రాక్టు ఉద్యోగం. బళ్లో పిల్లలు ఆమెను ఎస్తేరు మేడం అంటారు. ఇంట్లో ఆమె పేరు "మే".

బళ్లో కంప్యూటరు గదులు రెండు. పాత గదిలోవి వెనకటి నాయకుడు ఇచ్చినవి, కొత్త గదిలోవి ఇప్పటి నాయకుడు ఇచ్చినవి. ఆ ఇద్దరి మధ్యా పడిన శవాల సంగతి ఊళ్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. ఒక పక్షం వాళ్ల పిల్లలు ఇంకో పక్షం గదిలో అడుగు పెట్టరు. ఎవరూ రూలు పెట్టలేదు, ఇళ్లలోనే చెప్పి పంపుతారు. హెడ్మాస్టరు ఆనందయ్య కూడా పిల్లల్ని అలాగే రెండుగా కూర్చోబెట్టాడు. ఇమ్మానుయేలు కొత్త గది నాయకుడి మనిషి.

ఎస్తేరు పుట్టిల్లు వేముల. ఆమె చిన్నప్పుడు వీధి వైపు కిటికీలకు నాన్న చెక్కలు కొట్టించాడు, రాత్రిళ్లు ఎవరేం విసురుతారో తెలియని రోజులు. చెక్కల సందులోంచి సన్నటి వెలుగు గీతలు పడేవి. ఆ పిల్ల గోడ మీద ఆ గీతల చుట్టూ బొగ్గుతో కొండలు, ఏర్లు గీసుకునేది. ఇప్పుడు ఆమె పిల్లల కోసం రాస్తున్న ప్రోగ్రాం కూడా అలాంటిదే. ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇసుక, గండికోట గుట్టలు, ఆకాశం. ఏ మీట నొక్కితే ఆ మీటకొక పక్షి ఎగురుతుంది.

కానీ ఆ కిటికీ తెరుచుకోవడమే లేదు. రెండు గదుల్లోనూ ప్రోగ్రాం రాసే భాష పైథానే. పాత గదిలో దాని పాత రూపం, రెండో పైథాన్; కొత్త గదిలో కొత్త రూపం, మూడో పైథాన్. తెర మీద కిటికీలు, బొత్తాలు గీసే టికింటర్ అనే సరంజామా రెండింట్లోనూ లేదు, విడిగా ఎక్కించాలి. అందులోనూ ఒకదానికి ఎక్కించింది ఇంకోదానికి కనపడదు. ఎస్తేరుకు ఇది కొత్తగా అనిపించలేదు. బళ్లో తానేమిటో ఇంటికి కనపడదు, ఇంట్లో ఎంత చేసి వచ్చిందో బడికి కనపడదు. ఒకే మనిషిని ఎన్నిసార్లు మొదటి నుంచి ఎక్కించుకోవాలో అనుకుంది.

బడి వార్షికోత్సవానికి వారం ముందు, అన్నం తింటూ ఇమ్మానుయేలు అన్నాడు. "ఆ పొద్దు మా పెద్దాయన మనిషి వస్తాండాడు. మైకులో నిన్నొక మాట అడుగుతాడు. పాత రూము మిషన్లు చచ్చిపోయినాయని చెప్పు. చాలు."

"చావలేదు కదా మామా."

"నువ్వు చెప్తే చచ్చినట్టే. వాళ్లిచ్చినవి చచ్చినాయి, మేమిచ్చినవి బతికుండాయి. అంతే మాట. నీ ఉద్యోగం పర్మినెంటు చేపిస్తారంట. ఇంగ ఆ రూములోకి పోవద్దు."

ఎస్తేరు మజ్జిగ పోసింది. పోస్తూ, పాత గదిలో కిటికీ పక్కన కూర్చునే పెంచలమ్మ అనే పిల్లను తలుచుకుంది. ఆ పిల్ల రోజూ అడుగుతుంది: "మా రూములో బొమ్మ ఎప్పుడొస్తాది మేడం?"

శనివారం ఎస్తేరు, అత్త మాత్రల కోసమని చెప్పి ప్రొద్దుటూరు పోయింది. మాత్రలు కొన్నాక అబ్దుల్ సత్తార్ నెట్ సెంటరులో కూర్చుంది. "ఏం మా, పిల్లోడి మార్కులా?" అని అడిగాడు ఆయన. "కాదన్నా, నాకే," అంది. రెండో పైథానుకొక ఫైలు, మూడోదానికి ఇంకొకటి. ఒక్కో ఫైలు ఇంకో ఫైలును అడుగుతుంది, అది వచ్చాక మరోటి కావాలంటుంది. ఇల్లు కదలాలంటే ముందు అంట్లు, అంట్లకు ముందు నీళ్లు, నీళ్లకు ముందు కరెంటు. ఆమెకు అలవాటైన వరసే. అన్నీ పెన్‌డ్రైవులో వేసుకుని కొంగున ముడేసుకుంది.

సోమవారం పొద్దున కొత్త గదిలో ఎక్కించి, బొమ్మ వస్తోందని చూసుకుని, మధ్యాహ్నం పాత గదిలోకి పోయింది. ఫ్యాను గరగరమంటోంది. బయట ఎండ తెల్లగా నిలబడి ఉంది. ఒక్కో ఫైలూ వరసగా ఎక్కించింది. ప్రోగ్రాం నడిపితే, టికింటర్ అనే పేరుతో ఏదీ లేదని ఎర్రగా వచ్చింది. మళ్లీ నడిపింది. మళ్లీ లేదంది. చాలాసేపు ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంది. చూడగా చూడగా తెలిసింది. తాను రాసింది కొత్త గది అలవాటులో. మూడో పైథాన్ ఆ పేరును చిన్న ఇంగ్లీషు అక్షరంతో మొదలుపెడుతుంది, రెండోది పెద్ద అక్షరంతో. ఉన్న మనిషినే, పిలుపు తేడా వల్ల లేదంటోంది. ముందు చిన్న పేరుతో పిలువు, పలకకపోతే పెద్ద పేరుతో పిలువు అని ప్రోగ్రాం మొదట్లో రాసింది. మీట నొక్కింది.

కిటికీ తెరుచుకుంది. పాలలో బెల్లం కలిపినట్టున్న ఇసుక, దాని మీద గుట్టలు. ఒక పక్షి లేచి తెర అంచు దాకా పోయింది, ఆ అంచు దాటి గదిలోకి వచ్చేసిందనే అనిపించింది ఆమెకు. ఫ్యాను చప్పుడు ఏటి గాలి చప్పుడైంది. చెప్పులు విడిచింది. అరికాళ్లకు ఇసుక చల్లగా తగిలింది. గంట కొట్టేదాకా ఎస్తేరు ఆ ఏటిలోనే ఉంది. ఆ కాసేపూ ఆమెను ఎవరూ నీళ్లడగలేదు.

వార్షికోత్సవం నాడు రెండు పక్షాల వాళ్లూ వచ్చారు, ఎదురెదురు బెంచీల్లో కూర్చున్నారు. నాయకుడి మనిషి మైకు పట్టుకున్నాడు. "ఏమ్మా టీచరమ్మా, ఆ పాత రూము మిషన్లు పనికొస్తాయా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇమ్మానుయేలు ముందే నవ్వుతున్నాడు. ఎస్తేరు లేచి నిలబడింది.

"పనిచేస్తాండాయి సార్," అంది. "రెండు రూముల్లోనూ ఒకే బొమ్మ వస్తాది. పిల్లలు చూపిస్తారు, రండి."

కొత్త గది పిల్ల ఫాతిమా లేచి, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకునేలోపే పాత గదిలోకి పరుగెత్తింది. అక్కడ కంప్యూటరు ముందున్న పెంచలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. ఫాతిమా వెనక ఒకరు, ఆ ఒకరి వెనక ఇంకొకరు. కాసేపటికి ఏ పిల్ల ఏ పక్షమో చెప్పే వీల్లేకుండా రెండు గదులూ నిండిపోయాయి. పెద్దవాళ్లు మాత్రం బెంచీల మీదే ఉండిపోయారు. నాయకుడి మనిషి మైకు కింద పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు.

ఆనందయ్య ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "వచ్చే ఏడాది నీ ఉద్యోగం సంగతి నేనేం చెప్పలేనమ్మా."

"తెలుసు సార్."

గేటు దగ్గర ఇమ్మానుయేలు మోటారుసైకిలు స్టార్టు చేసి ఉన్నాడు. మొహం నల్లబడి ఉంది.

"ఎక్కు. ఇంటికాడ మాట్లాడుకుందాం. మా వాళ్లు వస్తాండారు, కూడొండాల."

లోపలి నుంచి పిల్లల నవ్వులు వస్తున్నాయి. ఎవరో "మేడం, ఇంకో పక్షి ఎట్ల ఎగరాల?" అని పిలుస్తున్నారు. ఎస్తేరు ఆయన్ను చూసింది. కోపం రాలేదు. ఏటికి అవతలి ఒడ్డున నిలబడిన మనిషిని చూసినట్టుంది.

"నువ్వు పో మామా," అంది. "నాకు పనుంది."